టిడ్కో ఇళ్ల మెయింటెనెన్స్ లెక్క కుదరడం లేదు, ఎక్కడ తేల్చుకోవాలి?

పంటకాలువ (ప్రశ్న):

నమస్కారమండి. గోదావరి జిల్లాల్లో ఒక మున్సిపాలిటీ, అందులో టిడ్కో (పట్టణ పేదలకి ఇళ్లు కట్టించే ప్రభుత్వ సంస్థ) అపార్టుమెంట్లు. జీ ప్లస్ 3, బ్లాకుకి 32 ఇళ్లు, లిఫ్టు లేదు. కాలనీ మొత్తానికి ఒక సంఘం ఉంది, మెయింటెనెన్స్ వాళ్లే వసూలు చేస్తారు. ఇంటికి నెలకి 400 ఉండేది ఒక్కసారిగా 650 చేశారు. మా బ్లాకు వరకు బోర్డు మీద రాసిన లెక్క ఇది: కామన్ కరెంటు 4,900, వాచ్‌మన్ 7,000, స్వీపర్ 3,000, మోటారు రిపేర్లు 2,600, ట్యాంకు శుభ్రం, బ్లీచింగ్ కలిపి 1,000, ఇతర ఖర్చులు 2,300. మొత్తం 20,800. కరెంటు బిల్లులో 598 యూనిట్లు పడ్డాయి.

ఇది కాక రంగుల నిధి అని ఇంటికి 3,000 అడుగుతున్నారు. కాలనీలో 300 చదరపు అడుగుల ఇళ్లూ ఉన్నాయి, 430వీ ఉన్నాయి, అందరికీ ఒకటే రేటు.

మా బ్లాకులో 11 ఇళ్లవాళ్లు 5 నెలలుగా కట్టలేదు. నెలాఖరులోగా కట్టకపోతే నీళ్ల లైను కట్ చేస్తామని నోటీసు అంటించారు. బిల్లులు చూపించమంటే మీటింగులో చూద్దాం అంటారు, మీటింగేమో పెట్టరు. ఇంగ్లండ్‌లో ఇలాంటివి తేల్చడానికి ట్రిబ్యునల్ ఉందంటారు కదా, మన దగ్గర అలాంటిది ఉందా? ఎవరికి రాయాలి, ఏ కాగితాలు కావాలి?

---

కోర్టువీధి:

పంటకాలువ గారూ, ముందు ఒక్క కాగితం సంపాదించండి. సంఘం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. అది ఏ చట్టం కింద ఉందో చూస్తే ఏ గుమ్మం ఎక్కాలో తెలుస్తుంది. అది చూడకుండా అర్జీలు పెట్టుకుంటూ పోతే ప్రతిచోటా "ఇది మా పరిధి కాదు" అన్న జవాబే వస్తుంది.

ఎక్కువ కాలనీ సంఘాలు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి. మీది కూడా అదే అయితే సెక్షన్ 23 మీకు దారి. సంఘం వ్యవహారాల మీద సభ్యులకీ కమిటీకీ తగాదా వస్తే, ఏ ఒక్క సభ్యుడైనా ఆర్బిట్రేషన్‌కి వెళ్లొచ్చు, లేదా నేరుగా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయొచ్చు. ఆర్బిట్రేషన్‌లో మధ్యవర్తి ఫీజు పార్టీలే భరించాలి. నెలకి 250 రూపాయల తేడా కోసం ఆ ఖర్చు దండగ. జిల్లా కోర్టు దరఖాస్తే మేలు.

అదే పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అంటే 1995 చట్టం కింద రిజిస్టరైతే తగాదా కోఆపరేటివ్ ట్రిబ్యునల్‌కి వెళ్తుంది. 1964 నాటి సహకార సంఘాల చట్టమైతే సెక్షన్ 61 కింద సహకార శాఖ రిజిస్ట్రార్‌కి. మీరు అడిగిన 'ట్రిబ్యునల్' అన్న మాట మన దగ్గర వినపడేది ఈ సహకార దారిలోనే. సర్వీసు చార్జీలకి (మనం మెయింటెనెన్స్ అనేదానికి) ఇంగ్లండ్‌లో లాగా విడిగా ఒకటి లేదు.

సొసైటీల చట్టం కిందైతే సర్టిఫికెట్టు, బైలాల (సంఘం సొంత నిబంధనల) నకళ్లు స్టాంపులు-రిజిస్ట్రేషన్ల శాఖలో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దొరుకుతాయి. సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. సంఘం వాళ్లిచ్చే జిరాక్సు మీద ఆధారపడకండి, బైలాలు మధ్యలో మారి ఉండొచ్చు. అందులో నాలుగు విషయాలు వెతకండి: నెలసరి చార్జీ ఎవరు నిర్ణయించాలి (కమిటీయా, సర్వసభ్య సమావేశమా), ఎంతమంది సంతకం పెడితే ప్రత్యేక సమావేశం పెట్టాలి, లెక్కల ఆడిట్ ఎప్పుడు, బకాయిదారు మీద ఏ చర్య తీసుకోవచ్చు. నీళ్లు కట్ చేయొచ్చని బైలాలో లేకపోతే ఆ నోటీసుకి కాళ్లు లేవు. ఉన్నా సరే, తాగే నీళ్లు ఆపే నిబంధన కోర్టు ముందు నిలబడటం కష్టం.

జిల్లా రిజిస్ట్రార్ ఈ లెక్కల తగాదాని తీర్చరు. రికార్డు ఇస్తారు, అంతవరకే. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్ కూడా అంతే. అక్కడిచ్చిన అర్జీ నంబరు, దాని మీద మున్సిపాలిటీ రాసిన జవాబు మీకు సాక్ష్యంగా పనికొస్తాయి కాబట్టి ఇవ్వండి. అక్కడి నుంచి ఆర్డరు వస్తుందని మాత్రం ఆగిపోకండి.

తర్వాత సంఘానికి లిఖితపూర్వకంగా రాయండి. వాట్సాప్‌లో కాదు. అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. గత 12 నెలల కరెంటు బిల్లులు, మోటారు రిపేరు వోచర్లు, వాచ్‌మన్ జీతం రసీదులు, 650 చేస్తూ చేసిన తీర్మానం, ఆ సమావేశానికి హాజరైన వాళ్ల సంతకాల పేజీ, బ్యాంకు స్టేట్‌మెంటు. ఇవి అడిగి 15 రోజులు గడువివ్వండి. జవాబు రాకపోతే ఆ మౌనమే మీ దరఖాస్తులో మొదటి పేరా అవుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ ఇళ్లు ఎక్కువగా ఆడవాళ్ల పేరు మీదే కేటాయించారు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987, సెక్షన్ 12 ప్రకారం మహిళలకీ, ఎస్సీ ఎస్టీలకీ, వికలాంగులకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, కోర్టు ఖర్చులు కూడా భరిస్తారు. కాబట్టి దరఖాస్తు భర్త పేరునో అన్నయ్య పేరునో వేయకండి, కేటాయింపు పత్రంలో ఉన్న ఆవిడ పేరు మీదే వేయించండి. సంఘంలో సభ్యురాలు కూడా ఆవిడే కదా. మీ ఊరి కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. ఫోనైతే 15100.

---

నాలుగోబ్లాక్:

ఇంత చుట్టూ తిరగడం ఎందుకండి? 32 ఇళ్లూ కలిసి పైసా కట్టకపోతే వారంలో వాళ్లే దిగొస్తారు.

---

కోర్టువీధి:

అలా చేయకండి. పైసా కట్టకపోతే కోర్టులో మొదటి ప్రశ్న "మీరు వాడిన నీళ్లకీ, వాచ్‌మన్‌కీ ఎవరు కడుతున్నారు?" అని. దానికి జవాబుండదు. కరెంటు బకాయి పడితే డిస్కం (కరెంటు సరఫరా కంపెనీ) కామన్ మీటరు కట్ చేస్తుంది, అప్పుడు కట్టినవాళ్లకీ కట్టనివాళ్లకీ ఒకేసారి నీళ్లు ఆగుతాయి. అప్పటిదాకా మీ పక్కన ఉన్న ఇళ్లు కూడా ఎదురు తిరుగుతాయి.

ఒప్పుకున్నది వేరు, ఒప్పుకోనిది వేరు అని విడగొట్టాలి. మీ బోర్డు లెక్కే తీసుకుందాం. వాచ్‌మన్, స్వీపర్ కలిపి 10,000, ఇంటికి 312 రూపాయల 50 పైసలు. ట్యాంకు శుభ్రానికి 31 చిల్లర. వీటితో మీకు పేచీ లేదనుకుంటే ఇవి కట్టేయాలి. కరెంటులో న్యాయంగా ఎంత అన్నది మోటారు సంగతి తెలిసినవాళ్లు చెబితే అది కలపండి. మిగతాది వివాదం. ఒప్పుకున్న మొత్తం సంఘం బ్యాంకు ఖాతాకే పంపండి, చేతికి ఇవ్వొద్దు. యూపీఐ నోట్‌లో 'అభ్యంతరంతో, ఫలానా నెల' అని రాయండి. సంఘం తీసుకోనంటే ఆ డబ్బు విడిగా ఒక ఖాతాలో ఉంచి, ఉంచినట్టు ఉత్తరం రాయండి.

---

మోటారుషెడ్డు:

598 యూనిట్లు అన్నది చూడగానే అనుమానం వస్తోందండి. లిఫ్టు లేని 32 ఇళ్ల బ్లాకుకి అంత కాలకూడదు. లెక్క చెబుతాను, కాగితం మీద వేసుకోండి.

ఇంటికి నలుగురు, మనిషికి రోజుకి 135 లీటర్లు (పట్టణ నీటి పథకాలకి వాడే కొలత ఇదే). 128 మంది, రోజుకి దాదాపు 17,300 లీటర్లు. సంపు అడుగు నుంచి మేడ మీద ట్యాంకు మూతి దాకా, పైపు రాపిడితో కలిపి ఎత్తు 22 మీటర్లు అనుకుందాం. అన్ని నీళ్లు అంత ఎత్తుకి ఎక్కించడానికి సిద్ధాంతం ప్రకారం ఒక్క యూనిట్ చాలు. మన చిన్న మోనోబ్లాకులు (పంపూ మోటారూ ఒకే ముక్కగా ఉండేవి), రెండూ కలిపి, నూటికి 35 పాళ్లే పని చేస్తాయనుకున్నా రోజుకి 3 యూనిట్లు. నెలకి 90.

మెట్ల దగ్గర అంతస్తుకి 4 చొప్పున 16 ఎల్‌ఈడీ బల్బులు, ఒక్కోటి 9 వాట్లు, రాత్రికి 12 గంటలు: నెలకి 52 యూనిట్లు. బయట 30 వాట్ల లైట్లు నాలుగుంటే ఇంకో 43. అన్నీ కలిపి 185. చేతికి ఎముక లేకుండా వేసుకున్నా 250 దాటకూడదు. మిగతా 350 యూనిట్లు ఎటు పోతున్నాయో వెతకాలి.

మొదటి పరీక్షకి ఐదు నిమిషాలు పడుతుంది. మధ్యాహ్నం పూట మోటారు ఎంసీబీ (బోర్డులో ఫ్యూజు బదులు ఉండే స్విచ్చి), కామన్ లైట్ల ఎంసీబీ రెండూ దించేయండి. మీటరు మీద ఎర్ర దీపం మిణుక్కుమంటూ ఉంటుంది కదా, అది ఆగిపోవాలి. ఒక యూనిట్‌కి అది ఎన్నిసార్లు మిణుక్కుమంటుందో మీటరు ముఖం మీదే రాసి ఉంటుంది. రెండూ దించినా మిణుక్కుమంటూనే ఉందంటే ఆ మీటరు మీద ఇంకెవరిదో లోడు ఉంది. పక్క బ్లాకు మోటారు కావచ్చు, కాలనీ బోరు కావచ్చు, వీధి లైట్లు కావచ్చు. సాయంత్రం వీధి లైట్లు వెలిగాక ఇదే పరీక్ష మళ్లీ చేయండి. పగలు ఆగి, సాయంత్రం కదిలితే వీధి లైట్లే. వీధి దీపాల కరెంటు మీ 32 ఇళ్ల మీద వేయడానికి వీల్లేదు, అది మున్సిపాలిటీ మోయాల్సిన ఖర్చు. వీడియో తీసేటప్పుడు దించిన ఎంసీబీలూ, మీటరు నంబరూ, దీపమూ ఒకే షాట్‌లో పడాలి.

దీపం ఆగిపోతే తప్పు నీళ్లలో ఉంది. రాత్రి 11కి పై ట్యాంకు నిండా నింపి, కిందకి వెళ్లే గేటు వాల్వు బిగించేయండి. నీటి అంచు దగ్గర సుద్దముక్కతో గీత పెట్టండి. పొద్దున 4కి చూస్తే గీత దగ్గరే ఉండాలి. దిగిందంటే ట్యాంకు పగులో, మోటారు పక్కన నాన్ రిటర్న్ వాల్వు కారడమో. వాల్వు కారితే నీళ్లు పైపులోంచి వెనక్కి సంపులోకే వస్తాయి, ఎక్కించినవే మళ్లీ ఎక్కిస్తూ ఉంటారు. సంపు దగ్గర చెవి పెడితే సన్నగా చప్పుడు వినిపిస్తుంది. మర్నాడు వాల్వు తెరిచి ఉంచి ఇదే చేస్తే ఇళ్లలో ఫ్లష్ ట్యాంకుల కారుడు బయటపడుతుంది. బంతి వాల్వు పాడైన ఫ్లష్ ట్యాంకులు నాలుగైదు ఉంటే చాలు, రాత్రంతా నీళ్లు పోతూనే ఉంటాయి.

మూడోది మోటారు. బాగున్న 3 హెచ్‌పీ మోనోబ్లాకు ఈ ఎత్తుకి 10,000 లీటర్లు 35, 40 నిమిషాల్లో ఎక్కించాలి. గంటన్నర పడుతోందంటే ఇంపెల్లర్ (పంపులో నీళ్లు నెట్టే రెక్కల చక్రం) అరిగింది. భీమవరం, నరసాపురం, అమలాపురం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లకి ఇనుప ఇంపెల్లర్ గుల్లబారుతుంది, బుష్షులు పోతాయి, షాఫ్ట్ దగ్గర సీలు కారి బేరింగులోకి నీళ్లు దిగుతాయి. అందుకే అక్కడ నెలనెలా 'మోటారు రిపేరు' అని పడుతూ ఉంటుంది. మీ 2,600 నిజమే కావచ్చు, కానీ నెలకి 2,600 అంటే ఏడాదికి 31,200. అంత డబ్బుతో ఉప్పునీళ్లకి తట్టుకునే కంచు ఇంపెల్లర్ మోటారు కొత్తదే బిగించొచ్చేమో కొటేషన్ అడగండి. రిపేరు వోచరులో ఏం మార్చారో రాసి ఉండాలి: సీలా, బేరింగా, రీవైండింగా. ఉత్తినే 'రిపేరు' అని ఉంటే ఒప్పుకోవద్దు. మార్చిన పాత సామాను ఏదని అడగండి. రీవైండింగ్ చేస్తే పాత రాగి తీగ తూకానికి డబ్బొస్తుంది, అది లెక్కలో జమ కనపడాలి.

---

పంటకాలువ:

మోటారుషెడ్డు గారూ, పరీక్ష చేశామండి. రెండు ఎంసీబీలు దించినా దీపం వెలుగుతూనే ఉంది, సాయంత్రం ఇంకా వేగంగా. వీడియో ఉంది. సర్టిఫికెట్ 2001 చట్టం కిందే. బైలాలో నెలసరి చార్జీ సర్వసభ్య సమావేశం నిర్ణయించాలని ఉంది, నీళ్లు కట్ చేయొచ్చని ఎక్కడా లేదు. రంగుల నిధి మాట కూడా లేదు. బిల్లు మీద 18 శాతం జీఎస్‌టీ వేస్తామని ఇప్పుడు కొత్తగా అంటున్నారు. ఇళ్లలో అద్దెకున్నవాళ్లు కూడా కొందరున్నారు, వాళ్ల మాటేమిటి?

---

చిట్టాఆవర్జా:

జీఎస్‌టీ సంగతి తేలిక. నివాస సంఘం తన సభ్యుడి దగ్గర వసూలు చేసే చార్జీ నెలకి 7,500 దాకా మినహాయింపులో ఉంది. 2018 జనవరి ముందు ఈ పరిమితి 5,000 ఉండేది. మీ 650 మీద పన్ను వేసే ప్రశ్నే రాదు. సెక్యూరిటీ ఏజెన్సీ సంఘానికి ఇచ్చే బిల్లులో పన్ను ఉండొచ్చు, అది ఖర్చులో భాగం. దాన్ని చూపించి మీ బిల్లు మీద మళ్లీ 18 శాతం వేస్తే ఒకే ఖర్చు మీద రెండుసార్లు పన్ను తీసినట్టు. సంఘం జీఎస్‌టీ నంబరు ఏదని అడిగితే చాలాసార్లు అక్కడితోనే ఆగిపోతుంది.

'ఇతర ఖర్చులు 2,300' అన్న పద్దు మొత్తంగా తోసిపుచ్చండి. మొత్తంలో తొమ్మిదో వంతు పేరు లేకుండా ఉంటే అది లెక్క కాదు. వేసవిలో కాలువలు కట్టేశాక కుళాయి నీళ్లు తగ్గి ట్యాంకర్లు తెప్పిస్తే ఆ ఖర్చు ఇందులో కలిపేస్తుంటారు. న్యాయమైన ఖర్చే, కానీ అది ఏప్రిల్, మే నెలల్లో ఉండాలి, నవంబరులో ఎందుకుంటుంది? ట్యాంకరు ఖర్చుకి రుజువు తేదీ, లీటర్లు, బండి నంబరు ఉన్న చీటీ. నెలవారీగా పన్నెండు నెలలు పక్కపక్కన రాసుకుంటే ఏ నెలలో ఏది అసహజమో కళ్లకి కడుతుంది.

రంగుల నిధికి ముందు కొలత అడగండి. బ్లాకుకి 96,000 వసూలవుతుంది. గోడ చుట్టుకొలతని ఎత్తుతో గుణించి కిటికీలు, తలుపులు తీసేస్తే విస్తీర్ణం వస్తుంది. బయటి ఎమల్షన్ రెండు చేతులు వేస్తే లీటరు సుమారు 5 చదరపు మీటర్లకి వస్తుంది. వెయ్యి చదరపు మీటర్లకి 200 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్లు పది. కొటేషన్‌లో పాతిక బకెట్లు ఉంటే ఎందుకో అడగాలి. మన దగ్గర గోడకి పాచి ఎక్కువ. పాచి గీకి కడిగి ఆరనివ్వడం, ప్రైమరు వేయడం అన్నవి కొటేషన్‌లో విడి పద్దులుగా లేకపోతే రంగు రెండు వర్షాకాలాలు కూడా ఆగదు. వానలు మొదలయ్యాక పని పెట్టుకోవద్దు.

300కీ 430కీ ఒకే రేటు గురించి: నీళ్లు, వాచ్‌మన్, ఊడ్చడం ఇంటి లెక్కన సమానంగా పంచడం సబబే, మనుషులు ఇంచుమించు ఒకటే కదా. రంగులు మాత్రం గోడని బట్టి ఖర్చు, కాబట్టి చదరపు అడుగుల లెక్కన అడగడం న్యాయం. పట్టుకోవాల్సింది అసలు విషయం: బైలాలో లేని నిధిని సర్వసభ్య తీర్మానం లేకుండా వసూలు చేయడం. ఆ డబ్బు నెలసరి ఖాతాలో కలవకుండా వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలని కూడా కోరండి.

---

కోర్టువీధి:

అద్దెకున్నవాళ్లు సంఘం సభ్యులు కారు. సంఘానికి బకాయి పడేది కేటాయింపుదారే. అద్దె కాగితంలో మెయింటెనెన్స్ ఎవరిదని రాసి ఉంటే వాళ్లిద్దరి మధ్య అది చెల్లుతుంది, సెక్షన్ 23 దరఖాస్తు మాత్రం ఇల్లు కేటాయించిన ఆవిడే వేయాలి. అద్దెదారు రసీదులు దాచి ఇస్తే చాలు.

మీటరు సంగతి రెండు చోట్లకి వెళ్తుంది. కామన్ మీటరు సంఘం పేరున ఉంటే ఫిర్యాదు సంఘమే చేయాలి, చేయమని మీరు రాయండి. చేయకపోతే మీ వీడియోతో మీరే ముందు కరెంటు హెల్ప్‌లైన్ 1912కి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి, డిస్కం సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడ తేలకపోతే డిస్కం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. వీధి లైట్లు మీ మీటరు మీద ఉన్నాయని ఏఈ తనిఖీ చేసి ఒక్క ముక్క రాసిస్తే మీ కేసులో సగం బరువు దిగినట్టే.

మీ ఇంటి విడి కరెంటు కట్ చేస్తామని ఎవరైనా బెదిరిస్తే భయపడకండి. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 56 ప్రకారం సరఫరా ఆపే అధికారం డిస్కంకే ఉంది, అదీ కరెంటు బకాయికే, 15 రోజుల నోటీసు తర్వాతే. మెయింటెనెన్స్ బకాయికి ఫ్యూజు పీకే హక్కు ఏ సంఘానికీ లేదు.

నీళ్ల విషయానికి, జిల్లా కోర్టులో దరఖాస్తుతో పాటే మధ్యంతర ఉత్తర్వు కోసం అప్లికేషను వేయించండి: అసలు వివాదం తేలేదాకా నీళ్ల లైను ముట్టుకోకూడదని. దానికి మూడు కాగితాలు జత చేయాలి: అంటించిన నోటీసు ఫొటో, ఒప్పుకున్న మొత్తం కట్టిన రుజువు, బైలా సర్టిఫైడ్ కాపీ. రెండోది లేకపోతే మిగతా రెండూ బలహీనపడతాయి. ఫోనులో తీసిన ఫొటోలు, వాట్సాప్ మెసేజిలు, ఆ మీటరు వీడియో కోర్టుకి ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతపరచాలి. పాత చట్టంలో 65బీ అనేవారు. తీసిన ఫోను పారేయకండి, మార్చకండి.

నిజంగానే నీళ్లు ఆపేస్తే, తాగేనీటి సరఫరా తగ్గించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 326 కిందకి వస్తుందని పోలీసు ఫిర్యాదు కూడా చేయొచ్చు. కానీ అది చివరి మెట్టు. రోజూ ఎదురుపడే మనుషులు, ఒకే మెట్ల మీద తిరిగేవాళ్లు. లెక్క తేలితే చాలనుకున్నప్పుడు కేసులదాకా పోకండి.

వినియోగదారుల కమిషన్ గురించి కూడా చాలామంది అడుగుతారు. ఫీజు లేదు (5 లక్షల దాకా), మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, వివాదం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి, అవతలివాళ్లు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబివ్వాలి. డబ్బు తీసుకుని సేవ చేయలేదన్న ఫిర్యాదుకి అది బాగా పనికొస్తుంది. చార్జీ నిర్ణయించిన తీర్మానం చెల్లదు, లెక్కలు చూపించాలి అన్నవి సంఘం లోపలి వ్యవహారం అని అవతలి లాయరు అడ్డం పడతారు. మీ కేసు ప్రధానంగా అదే కాబట్టి సెక్షన్ 23నే పట్టుకోండి. మున్సిపాలిటీయే నీళ్లు సరిగా ఇవ్వడం లేదన్న తగాదా అయితే శాశ్వత లోక్ అదాలత్ ఉంది. ఫీజు లేదు, రాజీ కుదరకపోయినా తీర్పు చెబుతుంది, దాని మీద అప్పీలు లేదు. ఒకసారి అక్కడ వేశాక అదే విషయం మీద కోర్టుకి పోలేరు, అది ఆలోచించుకుని వేయండి.

సమాచార హక్కు దరఖాస్తు ఇవాళే పెట్టేయండి, దానికి 30 రోజులు పడుతుంది. మున్సిపాలిటీకీ, టిడ్కోకీ వేర్వేరుగా. ఫీజు 10 రూపాయలు. అడగాల్సినవి: కాలనీని ఏ తేదీన ఎవరికి అప్పగించారు, అప్పగించిన మోటార్లు, సంపులు, వీధి లైట్ల జాబితా, వీధి లైట్ల బిల్లు ఏ మీటరు నంబరు మీద ఎవరు కడుతున్నారు, కాంట్రాక్టరు సొంత ఖర్చుతో లోపాలు సరిచేయాల్సిన గడువు ఏ తేదీదాకా ఉంది. చివరి ప్రశ్నకి జవాబు చూశాక కొన్ని రిపేర్లు అసలు మీ ఖాతాలో పడాల్సినవే కాదని తేలొచ్చు.

---

సముద్రందాటి:

ఇంగ్లండ్ సంగతి అడిగారు కాబట్టి. అక్కడ 1985 నాటి భూస్వామి, అద్దెదారు చట్టం సెక్షన్ 27ఏ కింద ఫస్ట్ టైర్ ట్రిబ్యునల్ ప్రాపర్టీ చాంబర్‌కి వెళ్తారు. సోషల్ హౌసింగ్‌లో (తక్కువ అద్దె ఇళ్లలో) ఉండేవాళ్లు కూడా వెళ్లొచ్చు, కానీ చార్జీ ఏటా ఖర్చుని బట్టి మారేదై ఉండాలి. ఒప్పందంలో ఇంత అని బిగించేసిన చార్జీ మీద అక్కడ వినరు. సెక్షన్ 19 అడిగేవి రెండే: ఖర్చు సహేతుకంగా పెట్టారా, పని సహేతుకమైన నాణ్యతతో జరిగిందా. ఏ పనికైనా ఒక్కో ఇంటివాటా 250 పౌండ్లు దాటితే ముందే సంప్రదించాలి, లేకపోతే 250కి మించి వసూలు చేయలేరు. ఖర్చు పెట్టిన 18 నెలల్లోగా డిమాండు గానీ నోటీసు గానీ ఇవ్వకపోతే వసూలు హక్కు పోతుంది.

ఆ చట్టం మనకి వర్తించదు, దాన్ని మన కోర్టులో చూపించి లాభం లేదు. కానీ రెండు పద్ధతులు అరువు తెచ్చుకోవచ్చు. ఒకటి, వాళ్లు వాడే పట్టిక. ఒక్కో పద్దుకి ఒక్కో వరస: పద్దు, అడిగిన మొత్తం, మీ అభ్యంతరం, మీరు ఒప్పుకునే మొత్తం, సంఘం జవాబు, చివర జడ్జిగారికి ఖాళీ గడి. పది పేజీల ఆవేదన కంటే ఇలాంటి ఒక్క పేజీ త్వరగా చదువుతారు. రెండోది, అక్కడ సెక్షన్ 20సీ కింద, ఈ కేసు ఖర్చులు మళ్లీ మా చార్జీల్లో కలపకూడదని అడుగుతారు. మీ దరఖాస్తులో కూడా ఆ కోరిక ఒక వాక్యంగా పెట్టించండి. లేకపోతే సంఘం లాయరు ఫీజు వచ్చే ఏడాది 'ఇతర ఖర్చులు'లో మీ దగ్గరే వసూలు చేస్తారు.

---

చిట్టాఆవర్జా:

ఆ పట్టిక మీ అంకెలతో నింపితే ఇలా వస్తుంది. వాచ్‌మన్, స్వీపర్: ఒప్పుకున్నాం, ఇంటికి 312.50. ట్యాంకు: ఒప్పుకున్నాం, 31.25. కరెంటు: 598లో 250 యూనిట్ల మేరకే ఒప్పుకున్నాం, 4,900లో సుమారు 2,050, ఇంటికి 64. (బిల్లులో ఫిక్స్‌డ్ చార్జీలు యూనిట్లతో తగ్గవు కాబట్టి అసలు బిల్లు చేతికొచ్చాక ఈ అంకె కొంచెం సర్దుకోవాలి.) మోటారు రిపేరు: వోచర్లు చూపేదాకా ఒప్పుకోలేదు. ఇతర ఖర్చులు: ఒప్పుకోలేదు. మొత్తం 408, గుండుగుత్తగా 410 వేసుకోండి. పాత చార్జీ 400కి దగ్గరగానే వచ్చింది చూడండి, అది కూడా మీ వాదనకి బలం.

5 నెలలకి అడిగింది 3,250, ఒప్పుకునేది 2,050, వివాదం 1,200. 11 ఇళ్లవాళ్లూ ఈ వారమే ఆ 2,050 బ్యాంకులో వేసేయండి. మోటారు వోచర్లు నిజమైనవని తేలితే ఆ 81 రూపాయల చొప్పున కూడా కట్టేయాలి, ముందే ఉత్తరంలో ఆ మాట రాయండి.

---

మోటారుషెడ్డు:

ఏఈ తనిఖీకి వచ్చే రోజు బోర్డు గదిలో మీవాళ్లు ఇద్దరుండండి. కామన్ మీటరు నుంచి బయటికి వెళ్లే తీగలన్నిటికీ ఒక్కోదానికి క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టమని అడగండి. ఏ తీగలో ఎన్ని ఆంపియర్లో కాగితం మీద రాయించి, ఆయన సంతకం, తేదీ, టైము తీసుకోండి. సాయంత్రం వీధి లైట్లు వెలిగాకే రమ్మనండి. పగలొస్తే లైట్ల తీగలో కరెంటు ఉండదు, రిపోర్టులో 'లోపం లేదు' అని పడిపోతుంది.